ఏడున్నర అంగుళాలు

పోర్టు బొగ్గు మా ఒన్‌టౌన్‌లో ఎవరినీ వదలదు,
ఆరేసిన చీరల మీద, మూత మరిచిన పెరుగు గిన్నెలో,
సోల్జర్‌పేట చివర తాళమేసిన ఆ బంగళా మెట్ల మీద.
పొద్దున తుడిస్తే సాయంత్రానికి మళ్లీ నలుపు.
ఆ నలుపులోనే కనిపించాయి మొదట,
చిన్న పాదాలు, ఒకే జత.
బయటికి నడిచిన అడుగులే అన్నీ.
లోపలికి వెళ్లినది ఒక్కటీ లేదు.

ముగ్గురు వాచ్‌మెన్లు పని మానేశారు.
నాలుగోవాడు గురయ్య, మానడానిక్కూడా మిగల్లేదు.
నూతి గట్టున కూచున్నవాడు కూచున్నట్టే,
నోటినిండా బొగ్గుపొడి.

నేను స్టేషన్ రైటర్ని.
దెయ్యాలకి నా రిజిస్టర్లో కాలమ్ లేదు.
"గుండెపోటని రాసీమంటారా మేడమ్?" అన్నాను.
ఎస్సై మద్దిల ఎస్తేరు టీ గ్లాసు కింద పెట్టి
"గుండె ఆగినోడు బొగ్గు తింతాడేటి, జోగినాయుడూ?" అంది.

ఆవిడ మొండితనం అలాంటిది.
పాస్టరు గారు అద్భుతాలు చెబుతుంటే
సాక్షులెవరని అడిగే మనిషి.
ఎడమ బూటు మడమ అరిగి నడక ఓ పక్కకి ఒరిగేది.
లాఠీ మరిచిపోయేదేమో గానీ
జేబులో దర్జీ టేపు మరిచిపోయేది కాదు.

రాత్రి ఒంటిగంట.
కొండ మీంచి లైట్‌హౌస్ వెలుగు గోడ మీద పాకి వెళ్లిపోయేది.
వెళ్లిన ప్రతిసారీ చీకటి ఇంకో అడుగు మా దగ్గరకి జరిగేది.
గొలుసుల చప్పుడు లేదు, కేకల్లేవు.
వంటగది వైపు
ఎవరో పీచుతో గిన్నె తోముతున్నారు.

నా చేతిలో టార్చి నా మాట వినడం మానేసింది.
ఆవిడ మోకాళ్ల మీద కూచుని కొలుస్తోంది.
"ఏడున్నర అంగుళాలు. రాసుకో."
"ఏడున్నరంటే శని లెక్కమ్మా, పోదాం రండి."
"ఏడెనిమిదేళ్ల పిల్ల లెక్క. రాసుకో."
తర్వాత చీకటివైపు తిరిగి, వాంగ్మూలం తీసుకునే గొంతుతోనే
పేరేంటమ్మా అని అడిగింది.
ఏ ఊరని అడిగింది.
అన్నం తిన్నావా అని అడిగింది.
మూడో ప్రశ్నకి తోముడు ఆగిపోయింది.

బీచ్‌రోడ్డు ఫ్లాట్‌లో ఇంటి యజమాని నవ్వాడు.
"దొరలు కట్టిన ఇల్లండీ, ఉంటే దొరసాని దెయ్యమే."
"దొరసాని గిన్నెలు తోముతుందాండీ?" అంది ఎస్తేరు.
అతని చేతిలో కాఫీ కప్పు
సాసర్‌ని వెతుక్కుంది.

హుద్‌హుద్ గాలికి వంటగది గోడ గచ్చు రాలింది.
లోపల మూడడుగుల మేర ఇటుక రంగు వేరు.
గునపం ఆవిడే పట్టింది.
ఒక గిన్నె. గౌనుకి పెట్టుకున్న పిన్నీసు.
మిగతావి పంచనామాలో రాశాను,
ఇక్కడ రాయను.
ఆ గోడ కట్టిన మేస్త్రీ ఎవరని వాకబు చేస్తే
వాచ్‌మన్ కాకముందు గురయ్యేనట.

యజమానికి నెలకే బెయిలొచ్చింది.
ఆవిడకి పాడేరు బదిలీ వచ్చింది.
ఆదివారం ఆదివారం బస్సు దిగి
కురుపాం మార్కెట్లో కూరలమ్మే వాళ్లని,
పనిపిల్లల్ని కుదిర్చే ముసలమ్మల్ని అడుగుతూ తిరిగేది.
"నీలం గౌను పిల్ల. ఎవరిదో చెప్పండి. పేరు చాలు నాకు."
మూడేళ్లు తిరిగింది.
మన్యం జ్వరం రెండోసారి పట్టాక రాలేదు.
టేపు మాత్రం కవర్లో నా పేరు మీద వచ్చింది.

నేనిప్పుడు రిటైరయ్యాను. కళ్లకి శుక్లాలు.
అయినా నిన్న తెల్లారగట్ల ఆ మెట్ల దగ్గర వంగాను.
ఏడున్నర అంగుళాలు.
పక్కనే బూటు గుర్తు, ఎడమ మడమ అరిగింది.
రెండూ మార్కెట్ వైపే,
మొదటి బస్సు వేళకి అందేట్టు
పెద్ద పెద్ద అంగలు. చిన్నది మధ్యమధ్య పరిగెత్తినట్టుంది.

ఎవరికీ చెప్పలేదు. మెట్లు తుడవలేదు.
ఇంటికొచ్చి పాత నకలు తీశాను,
పేరు అన్న చోట ఇంకా ఖాళీయే.
పెన్సిల్ చెక్కి
పక్కన పెట్టుకు కూచున్నాను.